నేలలో పరిమితి లోపే, గుడ్డులో ఎన్నో రెట్లు: రెండూ ఎలా నిజమవుతాయి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. పాత పారిశ్రామిక స్థలాన్ని ఆనుకుని ఉన్న నేలలో పురుగుమందు అవశేషాలు, లోహాలు అనుమతించిన పరిమితి లోపే ఉన్నాయని ఒక నివేదిక వచ్చింది. అక్కడే గూళ్లు కట్టిన పక్షుల గుడ్లలో అవే రసాయనాలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయని ఇంకో నివేదిక చెప్పింది. రెండింటిలో ఏది తప్పు? వాడకం ఆగి ఇన్నేళ్లయినా ఇవి వానకు కొట్టుకుపోలేదెందుకు?

రెండూ ఒప్పే కావచ్చు. మట్టి, వానపాములు, గుడ్లు, కాలేయాలు పరీక్షించే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇలాంటి జంట నివేదికలు చేతికి రాగానే ప్రయోగశాలను అనుమానించినవారిని చాలామందిని చూశాను. చాలాసార్లు పరికరం సరిగ్గానే కొలిచి ఉంటుంది. రెండు సంఖ్యల మధ్య ఏం జరిగిందో ఎవరూ అడిగి ఉండరు.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక జంతువు ఒంట్లోకి రోజుకు ఒక మైక్రోగ్రాము చొప్పున ఏదో రసాయనం చేరుతోందనుకోండి. ఒంట్లో ఉన్నదానిలో సగం ఒక్క రోజులో బయటికి పోయే రకమైతే, ఎన్నేళ్లు తిన్నా నిల్వ దాదాపు ఒకటిన్నర మైక్రోగ్రాముల దగ్గర ఆగిపోతుంది. సగం పోవడానికి ఏడాది పట్టే రకమైతే, అదే తిండితో, అదే రోజువారీ మోతాదుతో నిల్వ 500 మైక్రోగ్రాములు దాటుతుంది. రాబడిలో తేడా లేదు, ఖర్చులోనే ఉంది. ఒక రసాయనం పేరుకుంటుందా లేదా అని నన్ను అడిగితే అది ఎంత విషపూరితమో ముందు చూడను. దానికి బయటికి పోయే దారి ఉందా, ఉంటే ఎంత ఇరుకు అన్నదే చూస్తాను. ఈ ప్రశ్న వానపాముకు ఎంత వర్తిస్తుందో నేలకూ అంతే వర్తిస్తుంది.

ఇప్పుడు ఈ లెక్కను ఆహారపు గొలుసులో పెట్టండి. వేటాడే పక్షి తన జీవితంలో తన బరువుకు ఎన్నో రెట్ల మాంసం తింటుంది. ఆ మాంసంలో అధిక భాగాన్ని శక్తి కోసం కరిగించుకుంటుంది. బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా, రెట్టగా అది బయటికి పోతుంది. కరగని రసాయనం మాత్రం ఒంట్లోనే మిగులుతుంది. ఉప్పునీరు ఆవిరవుతుంటే మడిలో ఉప్పు గాఢత పెరిగినట్టే ఇదీను. పాఠ్యపుస్తకాలు దీన్ని జైవిక వృద్ధీకరణం అంటాయి. పేరు విని పైమెట్టు జంతువుల్లో ఏదో ప్రత్యేకమైన ఆకర్షణ శక్తి ఉందనుకునేవారున్నారు. అలాంటిదేమీ లేదు. తిన్నది కరిగింది, దానితో వచ్చినది కరగలేదు.

ఈ సంగతిని మొదట గట్టిగా చూపించినది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే సరస్సు. కుట్టను కూడా కుట్టని, గుంపులుగా ముసిరి విసిగించే ఒక రకం దోమజాతి పురుగును వదిలించుకోవడానికి 1949లో, మళ్లీ 1954, 1957 సంవత్సరాల్లో ఆ సరస్సులో డీడీడీ అనే మందు కలిపారు. అది డీడీటీకి దగ్గరి బంధువు. తరువాతి రెండు విడతల్లోనూ కలిపినది అయిదు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు, అంటే 0.02 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు). ఎవరు చూసినా ఇది జాగ్రత్తగా వేసిన మోతాదే అంటారు. తరువాత నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాల్లో సుమారు 5 పీపీఎం కనిపించింది. చేపలను తినే గ్రీబ్ పక్షులు చచ్చిపోవడం మొదలైతే వాటి కొవ్వు పరీక్షించారు. 1,600 పీపీఎం వచ్చింది. అంతకుముందు అక్కడ వెయ్యి జంటల వరకు గూడు కట్టేవి. దశాబ్దం తిరిగేసరికి ముప్పై జంటల దాకా మిగిలాయి, అవి కూడా పిల్లలను తీయలేకపోయాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ రెండు నివేదికలకూ అది పనికొస్తుంది. 1,600ని 0.02తో భాగించి "80 వేల రెట్లు" అని చాలా చోట్ల రాస్తారు. అంకగణితం సరైనదే. కానీ పైనున్న అంకె కొవ్వులో కొలిచినది, కిందనున్నది నీటిలో కలిపినది. పక్షి మొత్తం శరీరాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ నిష్పత్తి బాగా తగ్గుతుంది. మీ గుడ్ల నివేదికలో అంకె తడి బరువుకా, ఎండు బరువుకా, కొవ్వు బరువుకా? ఈ మూడింటి మధ్యే చాలా రెట్ల తేడా రావచ్చు. మట్టి ఫలితం సాధారణంగా ఎండు బరువు మీద ఇస్తారు. పక్కపక్కన పెట్టే ముందు ఈ సంగతి తేల్చుకోండి. నివేదిక ఇచ్చినవారు ఈ మాట రాయకపోతే అడిగి రాయించుకోండి. మొహమాటపడవలసిన పని లేదు.

డీడీటీ కుటుంబం ఒంట్లో నిలవడానికి కారణం కొవ్వు. ప్రయోగశాలలో ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్నీ నీటినీ ఒకే సీసాలో పోసి, రసాయనాన్ని వేసి కుదుపుతారు. డీడీటీ అయితే నీటిలో ఒక పాలు మిగిలితే ఆక్టనాల్‌లో పది లక్షల పాళ్లకు పైగా చేరుతుంది. జీవి శరీరంలో కొవ్వు ఆ ఆక్టనాల్ పాత్ర పోషిస్తుంది. మూత్రం నీటి ద్రావణం కాబట్టి ఆ దారిన ఇది దాదాపు పోలేదు. క్లోరిన్ పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల కాలేయంలోని ఎంజైములు కూడా సులువుగా తెంచలేవు. తెంచినా అంత లాభం లేదు. డీడీటీ నుంచి పుట్టే డీడీఈ దానికంటే మొండిది. 1929 నుంచి తయారై, ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లాంటి వాటిలో వాడిన పీసీబీ రసాయనాలదీ ఇదే కథ. అమెరికా 1979లో వాటి తయారీని నిషేధించింది. ఆ తరువాత పుట్టిన తిమింగలాల్లో కూడా అవి ఉన్నాయి.

కానీ "పేరుకునేవన్నీ కొవ్వులోనే పేరుకుంటాయి" అనే మాట నమ్మకండి. చదువుకున్నవారే చేసే పొరపాటు ఇది. మిథైల్ పాదరసం కొవ్వును పట్టించుకోదు. ప్రొటీన్లలో గంధకం ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని అంటిపెట్టుకుంటుంది. అందుకే అది కండలో ఉంటుంది, కొవ్వు తీసేసినా పోదు. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి, మిథైల్ పాదరసం ఉన్న వ్యర్థజలాన్ని సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న పిల్లులు మెలికలు తిరిగిపోతూ చనిపోయాయి. మనుషుల్లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించినది 1956 మే 1న. కర్మాగారం ఆ పద్ధతిని ఆపినది 1968లో. మధ్యలో పన్నెండేళ్లు.

అక్కడ మిథైల్ పాదరసం కర్మాగారంలోనే పుట్టింది. మిగతా చాలా చోట్ల దాన్ని బ్యాక్టీరియా తయారు చేస్తుంది. ప్రాణవాయువు అందని బురదలో, చిత్తడి నేలలో, వరద నిలిచిన మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు మామూలు పాదరసానికి మిథైల్ సమూహాన్ని తగిలిస్తాయి. ఆ పని చేసే రెండు జన్యువులను 2013లో గుర్తించారు. అందుకే పాదరసం విషయంలో నేలలో మొత్తం ఎంత ఉందన్న అంకె ఒక్కటే పెద్దగా ఏమీ చెప్పదు. పొడి నేలలో ఎక్కువ పాదరసం ఉన్నా గొలుసులోకి తక్కువే ఎక్కవచ్చు. పక్కనున్న తడి పల్లంలో దానికంటే తక్కువ ఉన్నా ఎక్కువ ఎక్కవచ్చు. మీ స్థలంలో నీరు నిలిచే పల్లం ఉంటే, నమూనా అక్కడి నుంచి తీశారో లేదో కనుక్కోండి. సాధారణంగా కాలు తడవని చోటే తీస్తారు.

అంటుకోని పూతల్లో, మంటలార్పే నురగల్లో వాడే పీఫాస్ రసాయనాలు మూడో దారి పడతాయి. అవి నీటినీ నూనెనూ రెండింటినీ తోసిపుచ్చే రకం. శరీరంలో రక్తపు ప్రొటీన్లకు, కాలేయానికి అంటుకుంటాయి. 2001లో వన్యజీవుల నమూనాలను ప్రపంచం నలుమూలల నుంచి పరీక్షిస్తే, ధ్రువపు ఎలుగుబంట్లతో సహా చాలా జాతుల్లో పీఫాస్ కుటుంబంలోని పీఫోస్ కనిపించింది. కొవ్వు మాత్రమే వెతికే పాత పద్ధతి ఇక్కడ పనికిరాలేదు. పొలాలకు ఎరువుగా వేసిన మురుగు శుద్ధి కేంద్రాల బురద ద్వారా ఇవి నేలలోకి దిగుతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో ఆ బురదను నేల మీద చల్లడాన్నే నిషేధించింది.

ఒక పక్కదారి మాట చెప్పి నేల దగ్గరికి వస్తాను. చిరకాలం నిలిచే రసాయనాలపై 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం, ఒక పదార్థం పేరుకునే రకమా కాదా తేల్చడానికి చాలావరకు జలచరాల కొలమానాలనే వాడుతుంది. చేపకు మొప్పలున్నాయి. కొవ్వు మీద మధ్యస్థమైన మోజు ఉన్న రసాయనాన్ని మొప్పల ద్వారా అది నీటిలోకి వదిలించుకోగలదు. ఊపిరితిత్తులున్న జంతువు దాన్ని గాలిలోకి వదలాలి. ఆ రసాయనం గాలిలోకి లేవని రకమైతే వదలలేదు. కాబట్టి చేపల గొలుసులో పేరుకోని బీటా హెచ్‌సీహెచ్ (ఒక పాత పురుగుమందులోని భాగం) లాంటివి రాళ్ల మీద, నేల మీద పాచిలా పెరిగే లైకెన్, దాన్ని మేసే క్యారిబూ దుప్పి, దాన్ని తినే తోడేలు అనే వరుసలో పైకి పోయేకొద్దీ పెరుగుతాయి. 2007లో ఈ విషయం స్పష్టమైంది. "చేపల్లో పేరుకోదు, కాబట్టి భయం లేదు" అని ఎవరైనా మీకు చెబితే, మీ పక్షులకు మొప్పలు లేవని గుర్తుచేయండి.

సరే, నేల. "వానకు కొట్టుకుపోదా" అన్న ప్రశ్న వెనుక నేల జల్లెడ లాంటిదన్న ఊహ ఉంది. వీటి వరకు నేల స్పాంజి లాంటిది, అదీ పిండలేని స్పాంజి. కొవ్వును ఇష్టపడే రసాయనాలు నేలలోని కుళ్లిన ఆకు, వేరు, హ్యూమస్‌లను పట్టుకుంటాయి. పైపొరలో సేంద్రియ పదార్థం ఎంత ఎక్కువ ఉంటే పట్టు అంత గట్టిది. వాన వాటిని లోపలికి దించదు. పైమట్టి కొట్టుకుపోతే మట్టితో పాటే పోయి, వాగు అడుగున మళ్లీ చేరతాయి. సూక్ష్మజీవులు వాటిని తినాలంటే ముందు అవి మట్టి రేణువును వదిలి నీటిలోకి రావాలి. రావు. డీడీటీ నేలలో సగానికి తగ్గడానికి చోటును బట్టి రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పడుతుందని లెక్క. ఆ "తగ్గడం"లో పెద్ద వాటా డీడీఈగా మారడమే కాబట్టి అది పూర్తి వదులుబాటు కాదు.

ఇంతకంటే మొండి ఉదాహరణ కరీబియన్ దీవులైన గ్వాడెలూప్, మార్టినిక్. అరటి తోటల్లో దుంపను తొలిచే ముక్కుపురుగు మీద 1972 నుంచి 1993 దాకా క్లోర్డెకోన్ అనే మందు వాడారు. అగ్నిపర్వత బూడిద నుంచి పుట్టిన అక్కడి బంకమట్టి లోపలి సన్నని అరల్లో అది చిక్కుకుపోయింది. కొన్ని నేలల్లో పూర్తిగా పోవడానికి శతాబ్దాలు పడుతుందని లెక్కలు వేసినవారున్నారు. వింత ఏమిటంటే, మందు వేసినది అరటికి, కానీ అరటిపండులోకి అది దాదాపు చేరదు. మట్టిని తాకుతూ పెరిగే దుంపల్లోకి, మట్టిని పొడిచే కోళ్లలోకి, వాగుల్లోని రొయ్యల్లోకి చేరింది. ఆ దీవుల్లో పెద్దవారిలో 90 శాతానికి పైగా రక్తంలో దాని జాడ ఉంది. ఏ పంటకు వేశారన్నది కాదు, ఏ జీవి మట్టిని నోట పెట్టుకుంటుందన్నదే అక్కడ ఫలితాన్ని తేల్చింది.

లోహాలు మరో జాతి. పురుగుమందు ఎప్పటికైనా విరుగుతుంది. లోహం మూలకం కాబట్టి విరగడానికి అందులో ఏమీ లేదు. నేల నుంచి అది పోవాలంటే పంటతో పోవాలి, నీటితో దిగాలి, లేదా మట్టితోనే కొట్టుకుపోవాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు 1885 నుంచి ద్రాక్షతోటల్లో ఉంది. ప్రతి పిచికారీలో రాగి కొద్దిగానే పడుతుంది. వందేళ్ల పిచికారీలు కలిసి ఫ్రాన్సు ద్రాక్షతోటల పైమట్టిలో కిలోకు 100 మిల్లీగ్రాములు దాటిన చోట్లు మామూలయ్యాయి. సీసం కూడా పైపొరలోనే స్థిరపడిపోయే రకం.

కాడ్మియం అలా కుదురుగా ఉండదు. నేల ఆమ్లంగా ఉంటే సులువుగా వదులై, జింకు అనుకుని మొక్క దాన్ని వేరు ద్వారా పీల్చుకుంటుంది. ఫాస్ఫేట్ ఎరువు తయారయ్యే రాతిలోనే అది సహజంగా ఉంటుంది కాబట్టి ఏ కర్మాగారమూ లేని నేలకూ చేరుతుంది. జపాన్‌లోని జింజూ నది పరీవాహకంలో గని వ్యర్థాల నుంచి నీటికి, నీటి నుంచి వరి మళ్లకు, అక్కడి నుంచి గింజకు చేరి, ఎముకలు గుల్లబారే "ఇతాయి ఇతాయి" వ్యాధిని తెచ్చింది. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. మనిషి మూత్రపిండంలోకి చేరిన కాడ్మియం సగం తగ్గడానికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. మొదట చెప్పిన లెక్కలో ఆ అంకె వేసి చూడండి.

వరి మడి గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నేల రసాయనశాస్త్రంలో నాకు ఎప్పటికీ విసుగు పుట్టించని విషయం ఇది. మడిలో నీరు నిలిపితే కాడ్మియం గంధకంతో కలిసి గడ్డకట్టి కదలకుండా ఉంటుంది. అదే నీటిలో ఇనుప ఆక్సైడ్లు కరిగి, వాటిని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ విడుదలవుతుంది. నీరు తీసేస్తే అంతా తిరగబడుతుంది. ఆర్సెనిక్ కట్టుబడుతుంది, కాడ్మియం విడిపోతుంది. మట్టి అదే, మొత్తం పరిమాణాలూ అవే. నీటి మట్టం మారితే మొక్కలోకి వెళ్లేది మారిపోతుంది. "నేలలో ఎంత ఉంది" అనే ఒక్క అంకెతో తృప్తిపడేవారికి నేనెప్పుడూ ఇదే చెబుతుంటాను.

పరిమితుల పట్టికలు ఎక్కువగా బలమైన ఆమ్లంతోనో ద్రావణితోనో మట్టిని పూర్తిగా పిండి తీసిన మొత్తం పరిమాణం మీద ఉంటాయి. వానపాము పేగులో అంత బలమైన ఆమ్లం ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ రసాయనం రేణువుల లోపలి సందుల్లోకి జరిగి, మొత్తం అంతే ఉన్నా జీవులకు అందేది తగ్గుతుంది. ఆమ్లత్వం మారినా, ముంపు వచ్చినా, దున్ని తిరగేసినా అది పెరగవచ్చు. పరిమితి దాటినా హాని లేని నేలలున్నాయి, లోపే ఉండి హాని చేసేవీ ఉన్నాయి.

మట్టి నుంచి పక్షి దాకా మధ్యలో ఎక్కువగా ఉండేది వానపామే. 1950ల మధ్యలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఎల్మ్ చెట్లకు తెగులు మోసే పెంకుపురుగుల మీద డీడీటీ పిచికారీ చేశారు. పక్షులకు నేరుగా ఏమీ కాలేదు. ఆకులు రాలాయి, వానపాములు ఆకులు తిన్నాయి, మరుసటి వసంతంలో వలస నుంచి తిరిగివచ్చిన రాబిన్ పక్షులు వానపాములను తిని వణుకుతూ చనిపోయాయి. పెద్ద వానపాములు పదకొండు తింటే చాలు, ఒక రాబిన్‌కు ప్రాణాంతక మోతాదు అందగలదని 1958లో లెక్కగట్టారు. రాబిన్‌కు పదకొండు వానపాములు పెద్ద భోజనమేమీ కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వానపాములను తెచ్చినవి తెచ్చినట్టే నూరి పరీక్షించాను. సీసం విపరీతంగా వచ్చింది. సంబరంగా పట్టుకెళ్తే పై అధికారి ఒకే ప్రశ్న అడిగారు: "కడుపు ఖాళీ చేయించావా?" వానపాము బరువులో గణనీయమైన భాగం పేగులోని మట్టే. తడి వడపోత కాగితం మీద ఒకటి రెండు రోజులు ఉంచి, మట్టంతా విసర్జించాక పరీక్షించాలి. లేకపోతే మనం కొలిచేది మట్టినే. కొన్నేళ్ల తరువాత గానీ దానికి రెండో పక్క తట్టలేదు. పక్షి వానపాము కడుపు ఖాళీ చేయించి తినదు కదా! వానపాము కణాల్లోకి ఎంత ఎక్కిందో తెలియాలంటే ఖాళీ చేయించాలి. పక్షికి ఎంత అందుతుందో తెలియాలంటే చేయించకూడదు. రెండు ప్రశ్నలకు రెండు నమూనాలు.

వానపాము లేని దారులూ ఉన్నాయి. వర్జీనియాలో పాదరసంతో కలుషితమైన సౌత్ రివర్ ఒడ్డున, నీటి జోలికే పోని నేల పక్షుల్లో పాదరసం ఎక్కువగా కనిపించింది. 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం వాటికి అందిన పాదరసంలో పెద్ద వాటా సాలెపురుగులది. పక్షి గొంగళిపురుగును తింటే ఆకు నుంచి రెండో మెట్టు. సాలెపురుగును తింటే వేటగాడిని తిన్నట్టు, అంటే ఇంకో మెట్టు పైకి. పిడికెడంత పక్షికి కూడా గొలుసులో డేగతో సమానమైన చోటు దొరకవచ్చు. మీ గుడ్లు ఏ జాతివో మీరు రాయలేదు. గింజలు తినేదా, పురుగులు తినేదా అన్నదాన్ని బట్టి నా జవాబు సగం మారుతుంది.

జంతువుకు విషం చేరిన ప్రతిసారీ దాన్ని జైవిక వృద్ధీకరణం అనేయడం కూడా సరికాదు. సీసం సాధారణంగా గొలుసులో పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎముకలో చిక్కుకుంటుంది, ఎముకను అన్ని వేటజంతువులూ పూర్తిగా అరిగించుకోవు. కాలిఫోర్నియా కాండర్ రాబందులకు ముప్పు తెచ్చిన సీసం గొలుసులో పెరిగినది కాదు. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని తూటా ముక్కలను అవి నేరుగా మింగాయి. భారతదేశంలో రాబందులను తుడిచిపెట్టిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కథ ఇంకా విచిత్రం. అది పశువుల ఒంట్లో రోజుల వ్యవధిలో పోయే మందు, అసలు పేరుకోదు. వేసిన కొద్ది రోజుల్లోనే చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని పోయేది. వందలో ఒక కళేబరం కంటే తక్కువలో ఆ మందు ఉన్నా, తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోవడానికి అది చాలని లెక్కలు తేల్చాయి. కారణం 2004లో బయటపడింది, 2006లో పశువైద్యంలో నిషేధించారు. పేరుకునే రకం కాకపోవడం వల్లే అక్కడ నిషేధం పనిచేసే వీలుంది. డీడీఈ విషయంలో నిషేధించాక కూడా దశాబ్దాలు వేచి ఉండాలి.

ఇక మీ నివేదికలోని గుడ్ల సంగతి. ఆడ జంతువుకు బయటికి పోయే దారి ఒకటి అదనంగా ఉంది, అదే సంతానం. గుడ్డు పచ్చసొన కొవ్వుల మూట. తల్లి తన నిల్వలను కరిగించి దాన్ని నింపుతుంది, నిల్వలో ఉన్నది కూడా దానితో వెళ్తుంది. ఓర్కా తిమింగలాల్లో ఇది మరీ స్పష్టం. మగవాటిలో పీసీబీలు వయసుతో పాటు పెరుగుతూ పోతాయి. ఆడవాటిలో తొలి కాన్పు తరువాత పడిపోతాయి, ఎందుకంటే పాలతో పాటు తొలి పిల్లకు చేరాయి. ఆ పిల్లకు అందినంత తరువాతి పిల్లలకు అందదు. కాబట్టి గుడ్డు పరీక్ష అంటే తల్లి ఒంటి నిల్వలను తొంగిచూడటమే. ఆ నిల్వ ఒక్క రోజుది కాదు, ఒక్క చోటుదీ కాకపోవచ్చు.

గుడ్డు మీద పడే దెబ్బ కూడా రసాయనాన్ని బట్టి మారుతుంది. పెంకు తయారయ్యే గ్రంథికి కాల్షియం అందకుండా డీడీఈ అడ్డుపడుతుంది. పెంకు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చిట్లుతుంది. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పక్షుల పరిశోధకుడు పాత సేకరణల్లోని పెరిగ్రిన్ డేగ గుడ్ల పెంకులను తూచి, 1940ల చివరి నుంచి అవి ఒక్కసారిగా పలచబడ్డాయని 1967లో చూపించాడు. సరదాకు గుడ్లు పోగేసినవారి పెట్టెలు అలా సాక్ష్యంగా మారాయి. కోడి జాతికి మాత్రం ఇదే మోతాదు పెద్దగా పట్టదు. కాబట్టి కోళ్ల మీద చేసిన పరీక్ష చూపించి డేగలకు భరోసా ఇవ్వకూడదు. సెలీనియం అనే మూలకం అయితే పెంకును వదిలేసి పిండాన్నే దెబ్బతీస్తుంది. కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ జలాశయంలోకి సాగునీటి మురుగు చేరేది. పొలాల మట్టిలో సహజంగా ఉన్న సెలీనియాన్ని ఆ నీరు కడుక్కుని తెచ్చింది. 1983లో అక్కడి నీటిపక్షుల గుడ్లలో కళ్లు లేని, ముక్కు వంకరపోయిన పిండాలు దొరికాయి. అక్కడ ఎవరూ ఏ మందూ చల్లలేదు, పొలాలకు నీరు పెట్టారు, అంతే.

మీ రెండు నివేదికలను కలిపి చదవాలంటే ఇంకొన్ని సంగతులు కావాలి. మట్టి ఆమ్లత్వం, సేంద్రియ కర్బనం శాతం, నమూనా ఎంత లోతు నుంచి తీశారు అన్నవి మట్టి నివేదికలో ఎక్కడో ఉండాలి. ఒక అడుగు లోతు మట్టినంతా కలిపి పరీక్షిస్తే, పైన రెండు అంగుళాల్లో గడ్డకట్టుకుని ఉన్నది కింది మట్టితో పలచబడి "పరిమితి లోపే" అయిపోతుంది. చాలా వానపాములు తిరిగేది, పక్షులు పొడిచేది ఆ పైపొరలోనే. గుడ్ల నివేదికలో డీడీటీ, డీడీఈ విడివిడిగా ఇచ్చి ఉంటే రెండింటి నిష్పత్తి చూడండి. దాదాపు అంతా డీడీఈ అయితే అది పాత సరుకు. మట్టిలో మారని డీడీటీ గణనీయంగా కనిపిస్తే, ఎవరో ఈమధ్యే వాడారనో, పాత నిల్వ డబ్బా ఏదో కారుతోందనో అనుమానించాలి.

అన్నిటికంటే ముందు ఆ పక్షి వలస జాతిదేమో తేల్చుకోండి. అయితే గుడ్డులో ఉన్నది వేల కిలోమీటర్ల అవతల తిన్నది కావచ్చు, మీ నేలకు దానితో సంబంధమే ఉండకపోవచ్చు. తేల్చడానికి ఖర్చు తక్కువైన మార్గం అక్కడి వానపాములనో సాలెపురుగులనో పరీక్షించడం, ఎందుకంటే అవి ఎక్కడికీ వలస పోవు. వాటిలోనూ ఎక్కువగా వస్తే మీ నేలే కారణం. వాటిలో లేకపోతే మట్టి నివేదికను పక్కనపెట్టి పక్షి దారిని వెతకండి. జాతి పేరు, పైన అడిగిన అంకెలు ఇక్కడే రాస్తే మిగతా లెక్క నేను చేసి పెడతాను.